తప్పినా పర్వాలేదన్న పరీక్ష

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, నా మీద అంతకంటే కాస్త ఎక్కువే ఉండేది. (అది పాపమని ఎవరైనా చెప్పినా వినేవాణ్ణి కాను.) కరీంనగర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాను. ఒక ఆస్పత్రికి ఊపిరితిత్తుల డాక్టరు నెలకొక్కసారే వచ్చేవాడు, ఏ రోజొస్తాడో ముందుగా తెలియదు. ఆ రోజు తెలియగానే రోగుల ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం మాది. మేం చేసిన ప్రతి మార్పునూ కంప్యూటరే వరుసగా పరీక్షించేది. ఒక్క పరీక్ష తప్పినా తెర మీద ఎర్ర గుర్తు పడి పని ఆగిపోయేది. అలా ఆగినప్పుడల్లా నేను కళ్లు మూసుకుని పైకే ప్రార్థన చేసేవాణ్ణి. మా టీం పెద్ద, మేమంతా అక్క అని పిలిచే ఆమె, "ఓ పాస్టరూ, దేవునికి వేరే పనుల్లేవా? జర ఆ లైను సూడు" అనేది.

ఆమె సెలవులో ఉన్న వారం, బటన్ ఫోన్లకు మెసేజ్ వెళ్లే పరీక్ష మొండికేసింది. మర్నాడే ఆస్పత్రికి అప్పగించాలి. ఉపవాసం కూడా ఉన్నాను (మధ్యాహ్నం వరకే, ఎవరిదో పుట్టినరోజని బగార అన్నం వచ్చింది). చివరికి దాన్ని 'తప్పినా పర్వాలేదు' అనే జాబితాలో చేర్చాను. అందులో చేరిస్తే పరీక్ష తప్పినా పని ఆగదు, చిన్న పసుపు గుర్తు పడి ఊరుకుంటుంది. కారణం రాయాల్సిన చోట "ఈ కాలంలో బటన్ ఫోన్లు ఎవరి దగ్గరున్నాయి?" అని రాశాను. పని సాగిపోయింది, అదంతా దేవుడి కృప అనుకున్నాను. ఒప్పుకోలు లేకుండా క్షమాపణ లేదని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి, తిరిగొచ్చిన అక్కకు మాత్రం ఏమీ చెప్పలేదు.

నెల తర్వాత ఒక ముసలాయన దగ్గుతూ మా ఆఫీసు మెట్లెక్కాడు. అక్క వాళ్ల బాపు. బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు చెడినవాడు. చేతిలో బటన్ ఫోను.

"మెసేజ్ వస్తదంటివి గద బిడ్డా," అన్నాడు కూతురితో. "ఫోను పక్కకు పెట్టలే. ఇగ ఉండవట్టక నేనే దవాఖానకు వస్తి. డాక్టరు నిన్ననే వచ్చి పోయిండంటున్నరు."

అక్క కంప్యూటర్ తెరిచింది. పసుపు గుర్తు, దాని పక్కన నా పేరు, నేను రాసిన కారణం. చదివి నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. నేను లేచి, ఆయన ముందు నిలబడి అంతా ఒప్పుకున్నాను.

ఆయన కోప్పడలేదు. దగ్గు ఆగాక, "మా గనిల గూడ గంతే బిడ్డా. నెత్తి మీది పైకప్పు పగిలితే సున్నంతోని గీత గీసి, 'సూసినం తియ్' అని పోతుంటిమి. గీత సూస్తే ధైర్యమొస్తుండె. పగులు పగులే" అన్నాడు.

"ఎవరన్నా పోయిండ్రా?" అడగకూడదని తెలిసే అడిగాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "జర నీళ్లున్నయా?" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే సరిచేశాను. నలభై నిమిషాలు పట్టింది.

తర్వాతి నెల మెసేజ్ సరిగ్గానే వెళ్లింది. అప్పటికి ఆయన పోయి నాలుగు రోజులు. ఆయన ఫోను అక్క చేతిలో మోగింది. నెల ముందు చూసినా ఏమీ మారేది కాదని డాక్టరు అన్నాడట. అక్క ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. మొదటిసారి నాకోసం. రెండోసారి ఎవరికోసమో ఇప్పటికీ తెలియదు.

అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది. పరలోకానికి అన్ని విన్నపాలు పంపినవాడు, సెలవులో ఉన్న అక్కకు ఒక్క ఫోను చేయలేకపోయాడు. చేసి ఉంటే తిట్టేది. అంతే.