పెదనాన్న తీసేసిన నాలుగు గీతలు

మా పెదనాన్న థియోజీన్ అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, నీటి పలక మీద. ఆయన చిన్నతనంలో మా ఆదివాసీ తెగ పిల్లలను బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. పీతల బుట్టలు, రొయ్యల వలలు, ఇంట్లో ఫ్రెంచి మాట, అదే ఆయన చదువు. నలభై దాటాక అమెరికా సైన్యపు ఇంజనీర్ల ఆఫీసు వాళ్ళు మా పాయ సముద్రంలో కలిసే చోట వరద గేటు కట్టి, దానికి బయట ఒక గుంజకు పలక కొట్టి, రోజూ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పమని ఆయనకు అప్పజెప్పారు. అడుగుకు పది గీతలు. నీళ్ళు మూడడుగులు చేరితే గేటు మూసెయ్యాలి. అప్పటినుంచి ముప్పై ఒక్క ఏళ్ళలో, కంటి ఆపరేషను వారం తప్ప, ఒక్క పొద్దు కూడా తప్పలేదు. పెద్దమ్మను పూడ్చిన రోజు కూడా నల్లకోటుతోనే పడవెక్కి వెళ్ళి చూసి వచ్చాడు.

లూసియానాలో మా దిక్కున పాయలు తవ్వేదీ ఆ ఆఫీసే, కరకట్టలు కట్టేదీ, ఉప్పు తగిలి చచ్చిన చిత్తడిలో మట్టి పోసి గడ్డి నాటేదీ ఆ ఆఫీసే. మా ఇళ్ళల్లో దాన్ని తిట్టని రోజు లేదు. దాని మీద ఆశ పెట్టుకోని రోజూ లేదు.

పెదనాన్నకు ఇంగ్లీషు రాదు. నేను ఆయన ఇంట్లోనే ఉండేదాన్ని, ఆయన చెప్పిన అంకెను ఫోనులో ఆఫీసుకు చెప్పడం నా పని. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తుఫాను మా బడిని పట్టుకుపోయింది. ముప్పై మైళ్ళ అవతలి బడికి కొన్నాళ్ళు బస్సులో వెళ్ళాను. అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వేవారు. మానేశాను. ఫోనులో మాత్రం ఒక్క అంకె చెబితే చాలు, ఎవరూ నవ్వరు.

మా నేల ఏటా కుంగుతుంది. గుంజ కూడా నేలతోపాటే దిగింది. దాంతో పలక మీద నీళ్ళు ఉన్నదానికంటే ఎక్కువ కనబడేవి. టాల్మజ్ అనే పాత ఇంజనీరు ఒకసారి వచ్చి కొలిచి, నాలుగు గీతలు తేడా ఉందని, పలక బాగుచేసేదాకా చూసిన అంకెలోంచి నాలుగు తీసేసి చెప్పమని వచ్చీరాని ఫ్రెంచిలో పెదనాన్నతో అన్నాడట. ఆ మాట ఎక్కడా రాసుకోలేదు. టాల్మజ్ పోయాడు. పెదనాన్న తీసేస్తూనే ఉన్నాడు, పదకొండేళ్ళు.

ఇళ్ళు మునిగిన ఏడు వసంతంలో పెదనాన్న కంటి ఆపరేషనుకు వెళ్ళి వారం రోజులు ఊళ్ళో లేడు. ఆ వారంలోనే ఆఫీసు మనుషులు వచ్చి పలకను సరైన ఎత్తులో మళ్ళీ బిగించి పోయారు. పెదనాన్న తిరిగొచ్చి చూసి, రంగు మాత్రమే వేశారనుకుని, కొత్త రంగు బాగుంది, ఆపరేషను బాగా జరిగినట్టుంది అని నవ్వాడు. మా దగ్గర గాలి మళ్ళితే నీళ్ళు ఒక్కరోజులోనే అడుగు పెరుగుతాయి, అడుగు తగ్గుతాయి. నాలుగు గీతల తేడా ఎవరి కంటికీ ఆనదు.

తర్వాత ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నేనే విప్పాను. మొదటి పేరాలో ఆయన సేవకు కృతజ్ఞతలు. రెండో పేరా చదివాను, అర్థం కాలేదు. మళ్ళీ చదివాను. పెదనాన్న పీతలు ఒలుస్తూ, ఏం రాశారే అని అడిగాడు.

"ఏం లేదు. థాంక్స్ చెప్పారు," అన్నాను.

నాకు రాదని చెప్పడానికి సిగ్గేసింది. ఉత్తరం బిస్కెట్ల డబ్బాలో పెట్టేశాను.

అక్టోబరులో గాలివాన వచ్చింది. ఆఫీసు వాళ్ళు గేటు దగ్గర పెట్టిన నీళ్ళు కొలిచే మిషను ఎప్పటిలాగే ముందుగా చచ్చింది. పొద్దున ఆరింటికి పెదనాన్న తడిసి ముద్దయి వచ్చి, రెండడుగుల ఏడు గీతలని చెప్పమన్నాడు. చెప్పాను. ఆ అంకె విని గేటు వాళ్ళు ఇంకో గంట చూద్దామని ఆగారు. ఆ గంటలో మూడు పడవలు లోపలికి వచ్చాయి. వాటిలో ఒకటి పెదనాన్న కొడుకు ఒవీద్ అన్నయ్యది. ఏడింటికి మూడడుగులని చెప్పాను. అప్పటికి ఉరవడి పెరిగి గేటు కదల్లేదు. మధ్యాహ్నానికి దిగువ వరసలో పందొమ్మిది ఇళ్ళు చూరుదాకా మునిగాయి. మనుషులు మేడ ఉన్న చర్చిలోకి చేరారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. ఇళ్ళు దక్కలేదు.

వారం తర్వాత ఆఫీసు నుంచి ఒక మేజరమ్మ వచ్చింది. ఫైరు స్టేషనులో బల్ల వేశారు. ఊరంతా గోడల వెంట నిలబడింది. ఆమె ఇంగ్లీషులో అడిగేది పెదనాన్నకు ఫ్రెంచిలో, ఆయన జవాబు ఆమెకు ఇంగ్లీషులో నేనే చెప్పాలి. పలకను సరైన ఎత్తుకు లేపి బిగించామని ఉత్తరం పంపాము, అందిందా అని అడుగుతూ ఆమె దాని నకలు బల్ల మీద పెట్టింది. రెండో పేరా మీద ఆమె వేలు ఉంది. ఇక నాలుగు తీసెయ్యకూడదని, ఆ పొద్దున ఆరింటికే నీళ్ళు మూడడుగులు దాటాయని అప్పుడు తెలిసింది. ఎలాగో ప్రశ్న సగం చెప్పి ఆగిపోయాను.

పెదనాన్న ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"ఉత్తరం వచ్చింది. అమ్మాయి చదివి అంతా చెప్పింది," అన్నాడు. "తెలిసే తగ్గించి చెప్పాను. నా కొడుకు బయట ఉన్నాడు. చెప్పవే, ఆవిడకు చెప్పు."

ఊరివాళ్ళకు ఫ్రెంచి వచ్చు. వాళ్ళకు అప్పటికే వినబడింది. ఆ అబద్ధాన్ని నా నోటితోనే ఇంగ్లీషులో చెప్పాను.

ఇంటికి వచ్చాక, రేపే వెళ్ళి నిజం చెబుతానని ఏడ్చాను. ఆయన బూట్లు విప్పుకుంటూ, "నువ్వు ఈ మనుషుల మధ్య ఇంకా యాభై ఏళ్ళు బతకాలి. నాకెన్ని ఉన్నాయి?" అన్నాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తనివ్వలేదు. నేనూ ఎత్తలేదు. భయం వేసింది, ఆయన మాట ఆ భయానికి సాయం వచ్చింది.

ఆఫీసు వాళ్ళు ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఇళ్ళు పోయినవాళ్ళు ఒక్కొక్కరే ఉత్తరాన ఎత్తు నేలకు వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు రేవులో ఆయన కనబడితే, "ఏం ముసలాయనా, మీవాడు ఇంటికి చేరాడా, గేటు వేసుకోవచ్చా?" అనేవారు. ఆయన టోపీ సర్దుకుని పోయేవాడు. అన్నయ్య ఆ చలికాలమే పడవ అమ్మేశాడు. "పందొమ్మిది ఇళ్ళ మీదుగా నన్ను ఇంటికి రప్పించాడు, ఆ మనిషితో నాకేం మాటలు?" అని తండ్రి ఇంటికి రావడం మానేశాడు. పెదనాన్న రోజూ పొద్దున పలక చూడటానికి మాత్రం వెళ్ళేవాడు. వచ్చి నాకు అంకె చెప్పేవాడు. ఇప్పుడేమీ తీసెయ్యకుండా. నేను ఫోను దగ్గర కూర్చుని వినేదాన్ని, ఎవరికీ చేసేది లేకపోయినా.

రెండేళ్ళకు ఆయన పోయాడు. పూడ్చేటప్పుడు ఎనిమిది మందిమి ఉన్నాం. ఒవీద్ అన్నయ్య సమాధుల కంచె బయటే నిలబడ్డాడు.

మర్నాడు ఉత్తరం తీసుకుని పడవలు బాగుచేసే షెడ్డుకు, అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య గ్రీజు చేతులు తుడుచుకుని నిలబడే చదివాడు. జరిగింది చెప్పాను. ఏమీ దాచకుండా చెప్పాను.

"అయితే నాకోసం కాదు," అన్నాడు.

"కాదు."

"నీకోసం."

తలూపాను. అన్నయ్య ఒక నట్టు తీసి బిగించాడు, మళ్ళీ విప్పాడు. "రెండేళ్ళే, క్లెలీ. రెండేళ్ళు ఆయన గుమ్మం తొక్కలేదు నేను." నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఉత్తరం మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఆదివారం చర్చి మెట్ల మీద చదువు. రెండు భాషల్లోనూ."

"నాకు చేతకాదు అన్నయ్యా."

"రెండేళ్ళు మొయ్యడం ఆయనకు చేతనైందా?"

ఆదివారం ప్రార్థన అయ్యాక మెట్ల మీద నిలబడ్డాను. అన్నయ్య కింద, మిగతావాళ్ళ మధ్య నిలబడ్డాడు. పాతిక మంది ఉంటారు. మునిగిన ఇళ్ళవాళ్ళు అందులో ఇద్దరే, మిగిలినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ళకు ఇది ఎప్పటికి చేరుతుందో తెలియదు. మొదటి పేరా చదివాను. రెండో పేరాలో పలక లేపి బిగించామన్న మాట దగ్గర ఆగి, ఇది నాకు అప్పుడు అర్థం కాలేదు, అర్థమైనట్టు నటించాను అన్నాను. దిగువ వరసలో ఇల్లు పోగొట్టుకున్న ఒకావిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నేను మిగిలింది చదివాను.