కుట్టకుండా వదలాల్సిన మూల

మందుల కంపెనీ ప్యాకింగ్‌లో పద్దెనిమిదేళ్లు నిలబడి పనిచేశాను. మోకాళ్లు పోయాక మానేయాల్సి వచ్చింది. ఇస్నాపూర్‌లో మా కిరాయి గదిలో పొద్దు గడిచేది కాదు. మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్క గది పెద్దామె పాత చీరలతో బొంతలు కుట్టేది. ఒకరోజు నా చేతికి సూది ఇచ్చింది.

తొందరలో నా కుట్లు పొడుగ్గా పడేవి.

"ఏందే, కంపెనీ బస్సు పోతదా? ఇప్పు, మళ్ల కుట్టు," అనేది.

విప్పి కుట్టేదాన్ని. అక్షరాలు దిద్దడం కూడా ఆ రోజుల్లోనే మొదలుపెట్టాను. అవీ అంతే, తొందరపడితే వంకరపోయేవి.

ఏ రంగు పక్కన ఏ రంగు బాగుంటుందని అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు. పసుపు ముక్క పెట్టి, తీసి, వంకాయ రంగుది పెట్టి చూసుకుంటూ ఒక పూటంతా కూర్చునేదాన్ని.

పెళ్లయిన ఆరేళ్లకు నా కూతురు నెల తప్పింది. పుట్టబోయే బిడ్డకని, వాడి వాడి మెత్తబడ్డ నా చీరలు కోసి చిన్న బొంత మొదలుపెట్టాను. ఏడో నెలకు ఒక్క మూల మిగిలింది.

"అది కుట్టకు," అంది ఖాలా. "నేనైతే బిడ్డ ఏడుపు ఇన్నంకనే ఆ మూల కుడత."

"జానెడే ఉన్నది గదా ఖాలా?"

"ఉండనీ. ఏం, టార్గెట్ ఉన్నదా నీకు?"

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ సగంలో ఉన్న పని కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. లైనులో ఒక్క డబ్బాకు మూత పెట్టకుండా వదిలినా అందరి ముందూ తిట్లు తిన్నదాన్ని. మర్నాడు ఖాలా నమాజుకు లోపలికి వెళ్లగానే ఆ జానెడూ కుట్టేసి దారం కొరికాను.

ఎనిమిదో నెలలో కడుపులో బిడ్డ కదలడం ఆగిపోయింది. సంగారెడ్డిలో కాన్పు చేశారు. ఆడబిడ్డ. ఏడవలేదు.

డాక్టరమ్మ ఏదో కారణం చెప్పింది. నాకు ఆ మూల తప్ప ఇంకేమీ తోచలేదు. వచ్చి ఖాలా దగ్గర కూర్చుని చెప్పేశాను.

"పాగల్, దారంతోని పానం పోతదా?"

"మరి ఎందుకు వద్దన్నవు?"

ఖాలా చేతిలోని సూదిని బట్టకు గుచ్చి పక్కన పెట్టింది.

"నా మొదటి బిడ్డ గట్లనే పోయింది. బొంత నిండా కుట్టి పెట్టుకున్న. దాన్ని పారేయలేక, కప్పుకోలేక పరేషాన్ అయిన. సగం బొంతయితే ఇప్పి మసిబట్టలు జేసుకోవచ్చు."

కూతురిని నా గదికే తెచ్చుకున్నాను. మూడో రోజు అడిగింది.

"బొంత కుడుతున్న అంటివి గదమ్మా, ఏది?"

"ఇంక కాలేదు బిడ్డా."

"అయితే ఇగ కుట్టకు." గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె నిద్రపోయాక బొంతను కొంగు చాటున పక్క గదికి తీసుకెళ్లాను. ఖాలా ఏమీ అడగకుండా అందుకుని తన చీరల కింద పెట్టుకుంది.

ఇప్పటికీ కుడుతున్నాను. పెద్దవాళ్లకు మాత్రమే.