తాగనివాడి ప్రమాణం

సూరత్‌లో మద్యం నిషేధం. అందుకే ఇక్కడ నడుస్తూ నడుస్తూ తూలిన మనిషిని ఎవరూ "పాణం బాగలేదా" అని అడగరు. "యాడ దొర్కింది" అని అడుగుతారు. నన్నూ అదే అడిగారు. జన్మలో కల్లు చుక్క ముట్టలేదంటే నవ్వారు. తెలంగాణ నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతకడానికి వచ్చిన మగవాడు తాగడంటే నమ్మడం మావాళ్లకే కష్టం, ఇక గుజరాతీల సంగతి చెప్పేదేముంది.

మొదట కుడికన్ను మసకబారింది. నూలు దుమ్ము పడిందనుకుని చుక్కల మందు వేసుకున్నాను. కొన్ని వారాలకు తేటపడింది, మరిచిపోయాను. తర్వాతి ఎండాకాలంలో ఎడమకాలు మొరాయించింది. గాలి తగిలితే దారం తెగుతుందని మా కార్ఖానాలో కిటికీలు మూసే ఉంచుతారు. లోపల ఉడికిపోతాం. ఆ ఉక్కలో కాసేపు నిలబడితే చాలు, కాలు ఈడ్చుకుపోయేది, వేళ్లు మొద్దుబారేవి, తెగిన పోగును ముడివేయబోతే పట్టు దొరికేది కాదు. గదికి వెళ్లి చన్నీళ్లు పోసుకుని కూర్చుంటే మళ్లీ మామూలు మనిషినయ్యేవాణ్ని. ఇదే నా కొంప ముంచింది. పని దగ్గర తూలి ఇంటి దగ్గర బాగుండేవాణ్ని ఏమంటారు? పనిదొంగ అంటారు, లేదా తాగుబోతు అంటారు. నన్ను రెండూ అన్నారు.

మా వైపు కొన్నిచోట్ల కల్లులో మత్తుమందు కలుపుతారు. దానికి అలవాటుపడినవాళ్లు సూరత్ వచ్చాక అది దొరక్క కొన్నాళ్లు వణుకుతారు, తూలుతారు, పిచ్చిచూపులు చూస్తారు. అలాంటివాళ్లను ప్రతి గల్లీలో చూసి ఉన్నారు కాబట్టి నా రోగమేమిటో మావాళ్లకు చిటికెలో తెలిసిపోయింది. పక్క సాంచాల మీద పనిచేసే మా ఊరి తమ్ముడొకడు సెలవుకు వెళ్లి, తిరిగొస్తూ నా కోసం సీసాలో కల్లు తెచ్చాడు. పోలీసులకు దొరికితే జైలే. అంగీల మధ్య చుట్టి తెచ్చాడు. అది దారిలో పొంగి వాడి బట్టలన్నీ పులిసిన వాసన.

"అన్నా, జర గొంతుల వోస్కో. కాళ్లు సక్కగైతయ్."

"నేను తాగనురా."

"ఎర్కే. మందు లెక్క తాగు."

తిట్టాలో వాడి చేతులు పట్టుకోవాలో తెలియలేదు. సీసా మురుగు మోరీలో పారబోశాను. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి ఒకరోజు కార్ఖానాలోనే కూలబడ్డాక నా భార్య పట్టుబట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. తలకు, వెన్నుకు స్కానింగులు తీశారు. నరాల డాక్టరమ్మ హిందీలో ఓపిగ్గా చెప్పింది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే మెదడులో, వెన్నులో నరాల మీద ఒక పొర ఉంటుందట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి ఆ పొరను పాడు చేస్తుందట. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారట. ఒంట్లో వేడి పెరిగితే ఇబ్బంది ఎక్కువవుతుందని, చల్లబడితే తగ్గుతుందని ఆమె చెబుతుంటే బల్ల మీద తల ఆన్చి ఏడ్చాను. రోగం వచ్చినందుకు కాదు, నేను చెప్పింది నిజమని ఇన్నాళ్లకు ఒక మనిషి అన్నందుకు. పూర్తిగా పోయే జబ్బు కాదు గానీ మందులతో అదుపులో పెట్టొచ్చంది. కన్ను మసకబారి తనంతట తానే బాగైందని ఊరుకునేవాళ్లు ఉంటారు, మీ బస్తీలో నలుగురికీ చెప్పు అని పంపింది.

చెప్పాను. పేరు సగం పలకగానే వినేవాళ్ల ముఖం పక్కకు తిరిగేది. పక్షవాతమా అంటారు. కాదు. గాలి సోకిందా అంటారు. కాదు. నరాల కమ్జోరీ, అదే బలహీనత, అయితే రోజూ గుడ్లు తినమంటారు. "గసొంటి ఇంగ్లీషు రోగాలు శేట్లకొస్తయ్, మనకెందుకొస్తయ్" అని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. పైగా వినేవాడికి చెవులు బాగానే ఉన్నాయి.

ఇక పని సంగతి. ఉక్కలో నిలబడలేను కాబట్టి చల్లగా ఉండే మడత గదికి మార్చమని కార్ఖానా యజమాని శేటును అడగాలి. ఆయన ఒప్పుకోకపోతే ఇంటికి పోవడమే. ఇక్కడ ఎవరు తెచ్చి పెట్టిన మనిషికి వాళ్లే జవాబుదారీ. నన్ను తెచ్చింది మా మేనమామ, నాకు పిల్లనిచ్చిందీ ఆయనే. రోగం సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి ఆయన్ని శేటు దగ్గరికి పంపాను. సాయంత్రం నింపాదిగా తిరిగొచ్చాడు.

"అయింది. రేపటిసంది మడత గదిల కూసో. తాగుడు బంద్ జేసిండు, దేవుని మీద ఒట్టు పెట్టించిన అని చెప్పిన."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేనెప్పుడు తాగిన మామా? నీకు ఎర్కలేదా?"

"ఎర్కే."

"మరి ఏంది గిది?"

"తాగుబోతంటే ఇయ్యాల గాకపోతే రేపు మారుతడంటరు. తగ్గని రోగమంటే ఎవడు ఉంచుకుంటడు? పనిల ఉంచుకున్నా, రోగమోని ఇల్లని గల్లీల అందరు దూరం జరుగుతరు. నా బిడ్డ గాడనే బత్కాలె గద."

ఆయన నన్ను నమ్మాడు. నమ్మి మరీ అబద్ధమాడాడు. ఆ మాటల్లో తప్పు ఎక్కడుందో చూపించలేకపోవడం నన్ను ఇంకా మండించింది.

మడత గదిలో నేసిన బట్టను మడతపెట్టే పని. ఫ్యాను ఉంది, కూర్చోవచ్చు. మందులు కూడా పనిచేసి కాలు కాస్త కుదుటపడింది. దాంతో నా పేరు బస్తీలో మారుమోగిపోయింది. "సూడు, తాగుడు ఇడ్వంగనే కాళ్లెట్ల నిలవడ్డయో" అని ఆడవాళ్లు నన్ను చూపించి మొగుళ్లకు బుద్ధి చెప్పసాగారు. నేను పొడిపించుకునే సూదులు ఎవరికీ కనబడలేదు. చేయని తప్పుకు తిట్లు తినడం ఒక ఎత్తు, చేయని తప్పు మానుకున్నందుకు మెప్పు పొందడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ కష్టం.

ఆ ఏడాది మా కుల సంఘం విందులో తాగుడు మానిన మనిషిగా నన్ను మాట్లాడమన్నారు. ముందు వరుసలో అతిథిగా వచ్చిన శేటు, పక్కన మామ. మైకు చేతికివ్వగానే మామ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. కానీ ఎన్నాళ్లని మింగను?

"నేను తాగుడు మానలే," అన్నాను. అందరూ నవ్వారు. "మానెటందుకు నేను తాగితే గద."

నవ్వు ఆగింది. రోగం పేరు చెప్పాను. ఒక కన్ను మసకబారినా, కాలుచేతులు తిమ్మిరెక్కి మొద్దుబారినా, తనంతట తానే తగ్గినా, ఊకోకుండ్రి, నరాల డాక్టరుకు చూపియ్యుండ్రి అన్నాను. తాగుడుతోని రాదు, దయ్యంతోని రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు అన్నాను. అప్పటికే వెనక గిన్నెల చప్పుడు మొదలై సగంమంది లేచారు. మిగిలినవాళ్లు చప్పట్లు కొట్టారు. మామ తల ఎత్తలేదు.

నేనన్నది ఎవరో హిందీలో చెప్పినట్టున్నారు, భోజనాల దగ్గర శేటు పిలిచాడు. మామ ముఖం పాలిపోయింది. "యే ఫైల్తీ హై క్యా?" అంటుకుంటుందా అని అడిగాడు. అంటుకోదన్నాను. అయితే రేపు పనికి రా అని జిలేబీ వైపు తిరిగాడు. అంతే. నెలల తరబడి నేను నమిలి మింగిన అవమానానికి తీర్పు జిలేబీ నమిలే లోపలే అయిపోయింది.

మర్నాడు మడత గదికి చాయ్ వచ్చింది. సూరత్‌లో మేము ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకుంటాం, ఒకరు కప్పులో, ఒకరు సాసరులో. నేను తాగుబోతునని అందరూ అనుకున్న రోజుల్లో కూడా మా ఊరి తమ్ముడు నాతో అలాగే తాగాడు. ఆ రోజు వాడు నా ముందు ఒక కాగితపు కప్పు పెట్టి, తనది తీసుకుని గుమ్మం అవతలికి వెళ్లి నిలబడ్డాడు.

"ఏమనుకోకన్నా. ఇంట్ల సంటిపిల్ల ఉన్నది."

నిన్న చప్పట్లు కొట్టినవాళ్లలో వాడూ ఉన్నాడు.

"లోపలికి రా, కూసో," అన్నాను. "ఇది అంటదు. మళ్ల మొదటిసంది చెప్త, ఇను."

వాడు గుమ్మం దాటలేదు. సాంచాల చప్పుడులో అక్కడిదాకా వినబడాలని గొంతు పెంచి చెప్పాను.