మా బడి రవాణా మంత్రి

నా చిన్నప్పుడు వడమాలపేట దగ్గర మా పల్లె బడిలో శనివారం మధ్యాహ్నాలు బాలల సభ జరిగేది. కొత్త మనిషి కనబడితే తలుపు చాటుకు పోయే పిల్లలకు నలుగురిలో మాట్లాడడం రావాలని మా అయ్యవారు పట్టుబట్టి మొదలుపెట్టారు. మాలోనే మంత్రులుండేవాళ్లు. నోట్లో నాలుక లేని నన్ను ఏరికోరి రవాణా మంత్రిని చేశారు. నాకు ఒళ్లు మండింది.

ఐదో తరగతి అయిపోవస్తోంది. ఆరుకు పుత్తూరు పోవాలి. బస్సేమో మా ఊరి దగ్గర ఆగదు. అది ఆగే చోటికి రెండు మైళ్లు ఆడపిల్లను నడిపించనని, బడి మానిపిస్తానని మా నాయన తేల్చి చెప్పేశాడు. అయ్యవారు అర్జీ రాసి, మంత్రి రావాల్సిందేనని నన్ను డిపోకు వెంటబెట్టుకుపోయారు. మాట్లాడేది ఆయనే కదా అని నేనూ ధీమాగా వెళ్లాను.

తీరా డిపోలో అడుగుపెట్టాక ఆయన మెడకు తువ్వాలు చుట్టుకుని, గొంతు పోయిందని సైగ చేశారు. మేనేజరు అర్జీ పైపైన చూసి పక్కన పెట్టేశాడు. అయ్యవారు నన్ను ముందుకు నెట్టారు. భయంలో నాకు శనివారం సభే నోటికొచ్చింది. గౌరవనీయులైన సభాధ్యక్షుల వారికి, తోటి విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం అన్నాను. గదిలో ఉన్నది మేనేజరూ ఒక గుమాస్తానూ. గుమాస్తా పకపకా నవ్వాడు. ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని మించి కోపం వచ్చింది.

"మా ఊరి కాడ బస్సు నిలబడకుంటే మా నాయన నన్ను బడి మానిపిస్తాడు సార్. నాకు సదువుకోవాలని ఉండాది. ఒక్క నిమిషం నిలిపితే సాలు."

ఎంతమంది పిల్లలని మేనేజరు అడిగాడు. పక్క ఊరితో కలిపి తొమ్మిదిమందిమని పేరుపేరునా చెప్పాను. ఆయన అర్జీ మళ్లీ తీసి ఈసారి మొత్తం చదివాడు. బడులు తెరిచినప్పటి నుంచి బస్సు ఆగుతుందని చెప్పి సంతకం పెట్టాడు.

బయట కాఫీ అంగట్లో చక్కెర తక్కువైందని అయ్యవారు ఊరంతా వినబడేలా కేకేశారు. నేను గుర్రుగా చూశాను.

"రేపు హైస్కూల్లో నీకు కావాల్సింది ఎవురు అడగతారు మే? నేను రాను కదా" అన్నారు.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. బస్సు మాత్రం ఆగింది, నేను ఎక్కాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో నువ్వుండమ్మా, మేం మాట్లాడతామని పిల్లలు ముందుకొస్తారు. నేను ఒప్పుకోను. గొంతు ఇప్పటికీ వణుకుతుంది. వణకనీ, నాకు కావాల్సింది నేనే అడుగుతాను.