అర శ్రుతి పైన కొత్తపేట కాపీ

కొత్తపేటలో రికార్డింగ్ షాపు నడిపిన బాబాయి గారు మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. ఫోన్ చేసింది ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసే సిస్టర్ గారు. నేను ఎనిమిదో తరగతి పాఠం మధ్యలో ఉన్నాను. "పాఠం చెబుతున్నారా మాస్టారూ? అయ్యేక చెయ్యనా అండీ?" అని అడిగారు ముందు. ఆవిడ గొంతులోనే సగం తెలిసిపోయింది. అయినా "అయ్యాక నేనే చేస్తానండి" అన్నాను, పాఠం చివరిదాకా చెప్పాను. దేన్నీ మధ్యలో ఆపకూడదన్న పట్టింపు మా ఇద్దరికీ ఆయన దగ్గర అంటుకున్నదే.

మనిషి పోగానే మహానుభావుణ్ణి చేసేసే రాతలంటే నాకు ఒళ్ళు మంట. బాబాయి గారు మహానుభావుడు కాదు, నాకు బాబాయీ కాదు. ఊరంతా అలా పిలిచేది, నేనూ పిలిచాను. బస్టాండు వెనక పదడుగుల గదిలో రెండు టేప్ డెక్కులు పెట్టుకుని, మనం చీటీ మీద రాసిచ్చిన పాటల్ని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవారు. దీన్ని దొంగతనం అన్న పెద్దమనుషులున్నారు. వాళ్ళతో పదిహేనేళ్ళుగా పోట్లాడుతున్నాను, ఇక్కడ మాత్రం ఎందుకు వదలాలి? ఒక్క పాట వినాలనుకున్న కూలిమనిషి చేత పది పాటలు కొనిపించేది వ్యాపారమూ, ఆ ఒక్క పాటా చేతిలో పెట్టేది దొంగతనమూనా? జవాబు చెప్పగలిగినవాళ్ళు చెప్పొచ్చు. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

షాపు ముందు ఒక బల్ల ఉండేది. కొబ్బరితోటలున్న ఇళ్ళ కుర్రాళ్ళూ, ఊరి చివర పేట నుంచి వచ్చిన మేమూ దాని మీదే భుజాలు ఒరుసుకుంటూ కూర్చునేవాళ్ళం. తొంభైల్లో మా ఊళ్ళో అలాంటి చోటు ఇంకోటి నాకు తెలీదు. సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చే నేను ఒకసారి ఆ బల్లని తెగ పొగిడాను. ఆయన డెక్కులో టేపు ఒరుసుకునే హెడ్డుని స్పిరిట్ దూదితో తుడుస్తూ అంతా విన్నారు. "రెండో బల్లకి చోటు లేదండి మాస్టారూ" అన్నారు.

ఆయన పనితనం వేరు. పెన్సిల్‌తో టేపు చుట్ట బిగించడం, ఆకుపచ్చ సిరాతో పాటల వరస రాయడం, చివర క్యాసెట్టు వీపున ఉన్న రెండు రెక్కలూ విరిచేసి ఇంకెవరూ దాని మీద చెరిపి ఎక్కించకుండా చెయ్యడం, ఇవన్నీ అందరూ చేసేవే. ఆయన ఒక్కరే చేసేది ఇంకోటుంది. ఒక సైడుకి ముప్పై నిమిషాలు. మిగతా షాపుల్లో చివరి పాట చరణం మధ్యలోనే గుటుక్కుమనేది. ఆయన కాపీలో ఏ పాటా తెగేది కాదు. ఎలా అని అడిగితే "చూసుకుంటే సరిపోద్దండి" అనేవారు. "పాటని మధ్యలో తెంపితే, అన్నం తింటున్న మనిషిని చెయ్యట్టుకు లేపినట్టండి." ఆ మాట ఆయన నోట వందసార్లు విని ఉంటాను. రాజోలు నుంచీ, అప్పనపల్లి నుంచీ కూడా జనం కొత్తపేట కాపీ కావాలని వచ్చేవారు అందుకే.

ఇంక అసలు సంగతి. అప్పట్లో ఒక పాప్ గాయని ఉండేది. పేరు రాయను. ఆమె అభిమానులకి పోట్లాడే ఓపిక ఇంకా ఉంది. సినిమాలతో పని లేకుండా సొంతంగా ఆల్బములు చేసేది. వాటిలో ఒకదాని చివర్న ఉండేది వాన పాట. ఆ పాట కోనసీమలో మోగని కిళ్ళీకొట్టు లేదు, అదీ బాబాయి గారి కాపీల్లోంచే.

గొడవ తెచ్చింది మా ఊరి పెళ్ళిబ్యాండులో క్లారినెట్ వాయించే తమ్ముడు. రాజమండ్రిలో ఎవరింట్లోనో కంపెనీ క్యాసెట్టు విని, దాన్ని బతిమాలి తెచ్చుకుని, బల్ల దగ్గర బాంబు వేశాడు.

"ఆ పాట వేరండి, మనది వేరండి. అది ఇంత చలాకీగా లేదు. మనది అర శ్రుతి పైనుంది. క్లారినెట్ పట్టి చూసేను."

"అదే అమ్మాయేనండీ" అన్నారు సిస్టర్ గారు. "రెండో చరణం ముందు ఊపిరి తీసుకునే చోటు చూడండి, రెంటిలోనూ అక్కడే."

"ఊపిరి ఎవరైనా అక్కడే తీసుకుంటారు సిస్టర్ గారూ. లేకపోతే పోతారు."

రెండూ పక్కపక్కన విన్నాం. నిజమే. కొత్తపేట కాపీలో గొంతు ఇంకా లేతగా ఉంది, పాట ఇంకా చురుగ్గా ఉంది. విడుదల కాని రికార్డింగేదో మన ఊరికి చేరిందని తేలిపోయింది. అక్కణ్ణుంచి బల్ల మూడు పార్టీలైంది. ఆల్బం కంటే చాలా ముందు, చిన్న వయసులో ఆమె నమూనాకి పాడి పెట్టినదని సిస్టర్ గారి వాదన. రెండు శ్రుతుల్లో పాడించి కంపెనీ ఒకటి తొక్కేసిందని క్లారినెట్ తమ్ముడి వాదన. మూడో పార్టీ నేను.

నా వాదన మామూలుది కాదు. పేరున్న గాయని స్టూడియోకి వచ్చేలోపు ఎవరో ఒక అమ్మాయి చేత పాటంతా పాడించి పెట్టుకుంటారు. దాన్ని ట్రాక్ అంటారు. పేరున్నామె వచ్చి ఆ ట్రాక్ విని, అదే విరుపు, అదే గమకం దింపేసి వెళ్తుంది. మొదట పాడిన అమ్మాయి గొంతు చెరిపేస్తారు, పేరు ఎక్కడా ఉండదు. మన దగ్గరున్నది ఆ చెరిపేసిన గొంతే అన్నాను. ఎవరి పొరపాటు వల్లో బతికి బయటపడిన సాక్ష్యం అన్నాను. పది రోజులు కూర్చుని "దొంగిలించిన గొంతు" అని ముప్పై పేజీల వ్యాసం రాశాను. రాస్తుంటే ఆ అమ్మాయి నాకు కనిపించేది. కె.గంగవరం వైపు పిల్ల. తండ్రి కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్తాడు. ఆదివారం చర్చిలో పాడీ పాడీ గొంతు తేలింది. ఇంత తెలిశాక ఆ పిల్లకి న్యాయం చెయ్యకపోతే నేనేం మనిషిని?

అచ్చుకి పంపేముందు ఒక ఆదివారం గ్రంథాలయంలో సభ పెట్టాను. ఆ వారంలోనే షాపులో బాబాయి గారు, "మాస్టారూ, ఆ పాట గురించి ఒక్క మాట చెప్పాలండి" అన్నారు. "మీరు కంపెనీల వైపు మాట్లాడతారు, వ్యాపారస్తులు కదా" అని నోరు మూయించాను. ఆయన నవ్వి పెన్సిల్‌తో చుట్ట తిప్పుకున్నారు.

సభకి నలభై మంది వచ్చారు. బాబాయి గారు సైకిలు క్యారేజీ మీద డెక్కు కట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. పాట వినిపించడానికి సాయం తెచ్చారనుకున్నాను. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు ఉంది. అదెప్పుడూ ఉండేదే. నేను చదివాను. గంటన్నర చదివాను. కంపెనీల్ని కడిగేశాను, పేరున్న గాయనిని కడిగేశాను, వినీ విననట్టుండే సమాజాన్నీ కడిగేశాను. ఆయన ఒక్కసారి కూడా కదల్లేదు. చప్పట్లు అయ్యాయి. అప్పుడు లేచారు.

"అయిపోయిందా అండీ?"

"అయిపోయింది."

"అయితే చెప్తానండి. ఆ అమ్మాయి లేదండి. అది నేనేనండి."

నలభై మందీ ఆయన మీసాల వైపు చూశారు.

ఆయన క్లారినెట్ తమ్ముడు తెచ్చిన కంపెనీ క్యాసెట్టు డెక్కులో పెట్టి వాన పాట మొదలెట్టారు. స్క్రూడ్రైవరు తీసి డెక్కు వెనక, మోటారుకి ఉన్న చిన్న కన్నంలో పెట్టి మెల్లగా తిప్పారు. గొంతు లేచింది. పాట చురుకందుకుంది. మా కళ్ళముందే ఆమె చిన్నపిల్లయిపోయింది. అర శ్రుతి ఎక్కగానే క్లారినెట్ తమ్ముడు తల పట్టుకున్నాడు. నా కె.గంగవరం పిల్ల, నేను ఊరూ పేరూ ఇచ్చుకున్న పిల్ల, అక్కడే పాడుతోంది. ఆయన స్క్రూ వెనక్కి తిప్పారు. వెళ్ళిపోయింది.

"సిస్టర్ గారు పాటల చీటీ ఇచ్చేరండి. వాన పాట చివర్న రాసేరు. పాట అయిదున్నర నిమిషాలు, సైడులో మిగిలింది అయిదు నిమిషాల పది సెకన్లు. ఇరవై సెకన్ల కోసం పాట తెంపలేక మోటారు స్పీడు కొంచెం ఎత్తేనండి. తర్వాత షాపులో ఉన్న కంపెనీ క్యాసెట్టు డెక్కులో నలిగిపోయింది. రెండోది దొరకలేదు. సిస్టర్ గారిదే అడిగి తీసుకుని, అందులోంచే అందరికీ ఎక్కించేను. ఏ చివరి పాటకైనా అంతేనండి, ఎంత కావాలంటే అంత ఎత్తడమే. మీరందరూ నా కాపీల్లో విన్న చివరి పాటలన్నీ కొంచెం కొంచెం అబద్ధమేనండి."

ఊరూరా ఆయనకున్న పేరంతా ఆ చివరి పాట మీదే నిలబడింది. దాన్ని తన చేత్తోనే నలభై మంది ముందు విప్పేశారు. ఊరుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. కానీ నాకు అప్పుడు ఆ బుద్ధెక్కడిది?

"ఈ మాట నేను చదవకముందు చెప్పొచ్చుగా" అని అరిచాను.

"షాపులో చెప్పబోతే మీరు ఆపేసేరండి. ఇక్కడికొచ్చేసరికి మీరు మొదలెట్టేసేరు. మధ్యలో ఆపకూడదు కదండీ."

గ్రంథాలయంలో అంత నవ్వు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. సిస్టర్ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఊపిరి అదేనని నేను మొదటే చెప్పేను" అంటున్నారు.

రెండు వారాలు షాపు వైపు వెళ్ళలేదు. మూడో వారం ఆయనే బడికి వచ్చారు, పాఠం అయ్యేదాకా వరండాలో నిలబడి.

"వ్యాసం పంపించేరా అండీ?"

"చింపేశాను."

"అయ్యో. పాడి పెట్టిన పిల్లల గొంతులు చెరిపెయ్యడం నిజమేనా అండీ?"

"నిజమే."

"మరింకేంటండి? మీ కోపం నిజమే. సాక్ష్యం ఒక్కటే నా స్క్రూడ్రైవరు. అది తీసేసి మిగతాది పంపండి."

మళ్ళీ రాశాను. ముప్పై పేజీలు ఆరైంది, అచ్చయింది. ట్రాకులు పాడిన ఇద్దరు అమ్మాయిలు పత్రికకి ఉత్తరాలు రాశారు, నిజం పేర్లతో. నేను ఊహించుకున్న పిల్ల లేదు గానీ, వాళ్ళున్నారు. ఆ ఉత్తరాలు పట్టుకెళ్ళి చూపిస్తే, బాబాయి గారు రెండు సార్లు చదివి, "పేర్లు చక్కగా రాసేరండి" అన్నారు. అంతకన్నా పెద్ద సమీక్ష నా రాతలకి రాలేదు.

ఇక ఆయన పరువు సంగతి. సభ జరిగిన మర్నాటి నుంచే షాపు ముందు ఒక అట్ట పెట్టారు, ఆకుపచ్చ సిరాతో: పాత కాపీ తెచ్చినవారికి సరైన స్పీడులో మళ్ళీ ఎక్కించబడును. నాకు తెలిసి ఒక్కరూ తేలేదు. "ఆ సరైంది ఏడుపులా ఉందండి, మన స్పీడుదే ఇవ్వండి" అని రాజోలు నుంచి వచ్చిన ఒకాయన నా ఎదురుగానే అడిగారు. బాబాయి గారు ఒప్పుకోలేదు. పావుగంట వాదులాట జరిగాక రెండు సైడుల్లో రెండూ ఎక్కించి ఇచ్చారు.

రెండు వేలు దాటాక సీడీలొచ్చాయి, ఒక్కో దాంట్లో వందేసి పాటలు. తర్వాత సెల్‌ఫోన్లు. షాపు మూసేసిన చోట ఇప్పుడు రీచార్జి చేస్తున్నారు. కిందటేడు ఆయన్ని చూడ్డానికి వెళ్తే, ఫోన్లో పాటలు ముప్పై సెకన్లకే తెగిపోవడం గురించి అడిగారు. "చోటు లేకా అండీ?" అన్నారు. బోల్డు చోటుందని చెప్పాను. "చోటుండి తెంపుతున్నారా?" అన్నారు. లాభం గురించి నేను పుస్తకాలు తిరగేసి రాసినవన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోయాయి.

మంగళవారం సాయంత్రం ఆయన్ని సాగనంపి వచ్చి వాళ్ళ వాకిట్లో కూర్చున్నాం. ఆ బల్ల మీదే. షాపు మూసినప్పుడు ఇంటికి తెచ్చుకున్నారు. పిన్ని గారు, అంటే ఆయన భార్య, డెక్కు బయటికి తెప్పించారు. "మీ పాట పెట్టుకోండి. ఆయనకి మీ గొడవంటే సరదా" అన్నారు. సిస్టర్ గారు సంచీలోంచి తన క్యాసెట్టు తీశారు, ఆ మొదటిది, రెక్కలు విరిచినది. వాన పాట వచ్చింది, అర శ్రుతి పైన, చలాకీగా. క్లారినెట్ తమ్ముడు వేళ్ళు మోకాలి మీద కదుపుతున్నాడు. నేను గడియారం చూడకూడదనుకుంటూనే చూశాను. చివరి మాట పాడింది, వాద్యం సన్నగిల్లింది, టేపు రెండు చుట్లు ఉత్తినే తిరిగింది. టక్కుమని మీట పైకి లేచింది.

లోపల్నుంచి పిన్ని గారు అడిగారు. "పూర్తిగా వచ్చిందా అండీ?"

"ఆయ్" అన్నాం, ముగ్గురం.