గాలి ఆగాలని మొక్కుకున్న పడవ ప్రయాణం

అరబ్బు దేశంలో, సహం అనే ఊళ్లో మేముండే వీధి చివర సముద్రమే. కానీ ఒడ్డున దీపం పెడితే మొదటి అలకే మునిగిపోతుంది. అందుకే ఏటా కార్తీక పౌర్ణమికి నీలిరంగు బకెట్ తోమి, నిండా నీళ్లు పట్టి, అందులో దీపం వదిలేదాన్ని. అది ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయి మళ్లీ నా దగ్గరికే వచ్చేది. పాపం, పోవడానికి చోటేది? దేవుడు ఏ ఏడూ చిన్నబుచ్చుకోలేదు గానీ, ఒక్కసారైనా నా దీపం నన్ను వదిలి దూరంగా పోతుంటే చూడాలని నా ఆశ.

ఆ ఆశ ఫ్రిజ్ రూపంలో తీరింది. మా ఆయన ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. అందరూ అర్బాబ్ అని పిలిచే ఒక అరబ్బు ఆసామి తెరచాప పడవలో ఫ్రిజ్ చల్లబడేలా చేసినందుకు, ఆ యజమాని సంతోషించి, సవాది తీరానికి ఎదుట ఉన్న రాతిదీవి చుట్టూ మమ్మల్ని తిప్పి తీసుకురమ్మని తన కెప్టెన్‌కు చెప్పాడు. సరిగ్గా పౌర్ణమి సాయంత్రం. ఇది ఎవరు కుదిర్చారో నాకు తెలుసు. మా ఆయన మాత్రం అర్బాబ్ కుదిర్చాడంటారు.

అరటితోటలో పనిచేసే మా పక్కింటి వాళ్లు దొప్ప ఇచ్చారు. గోధుమపిండితో ప్రమిద చేశాను. ఏడాది పొడవునా వెలిగించాల్సిన దీపాలన్నిటికీ బదులుగా ఆ రోజు వెలిగించే వత్తుల కట్టను నేతిలో నానబెట్టాను. ఉపవాసంతోనే బయల్దేరాను.

కెప్టెన్ కడప సాయిబు. చెప్పులు విప్పి ఎక్కమన్నాడు. గుడిలాగే ఉందే అని మురిసిపోయాను. అంతలో నా సంచిలోంచి నేతి వాసన వచ్చింది. పడవలో నిప్పు ముట్టించకూడదని, అది అర్బాబ్‌కైనా తప్పని రూలని చెప్పాడు. బతిమాలాను. కాసేపు గడ్డం గోక్కుని, వెనక మెట్ల దగ్గర నీళ్ల మీదే వెలిగించాలని, అదీ గాలి పూర్తిగా ఆగితేనేనని ఒప్పుకున్నాడు.

"ఆగదులేక్కా, ఈ పొద్దు మంచి గాలుంది" అన్నాడు ధైర్యంగా.

తెరచాప పొంగింది. పడవ ఒక పక్కకు వాలి పరుగెత్తింది. మా ఆయన గాలిలో చొక్కా ఎగురుతుంటే ఫోన్ పట్టుకుని పిల్లాడైపోయారు. నిండుగా పొంగిన తెరచాప వీడియో పంపుతానని పనిలో అందరికీ చెప్పుకొని వచ్చారు మరి. నేను ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో సంచిని పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఆయనకు అనుమానం వచ్చింది.

"ఏం మొక్కుతున్నవే? గాలి బంద్ కావాలనేనా?"

అందరి క్షేమం కోసమని చెప్పాను. గాలి ఆగితే క్షేమమే కదా.

దీవి చాటుకు వెళ్లేసరికి గాలి ఆగింది. తెరచాప తీగ మీద ఆరేసిన దుప్పటిలా వేలాడింది. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడే దీవి పైన చంద్రుడు లేచాడు.

సంచి విప్పి వత్తుల కట్ట తీయగానే కెప్టెన్ గతుక్కుమన్నాడు.

"ఒక దీపమంటివి. కాగడా తెచ్చినావు కదక్కా!"

ఇది ఒకటే దీపమని, కాకపోతే ఏడాదిదని చెప్పాను. అతను పెద్ద మగ్గుతో నీళ్లు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. వెలిగించి, దండం పెట్టుకుని, దొప్పను నీళ్లలో వదిలాను.

అది జానెడు దూరం పోయి, తిరిగి వచ్చి పడవకు ఆనుకుంది. కెప్టెన్ కర్రతో తోశాడు. మళ్లీ వచ్చింది. ఎన్ని ఏళ్లు బకెట్లో తిరిగిన అలవాటో ఏమో. మా ఆయన అది కూడా ఫ్రీ సవారీకి వచ్చిందన్నారు. నవ్వు వచ్చింది గానీ మంట పడవ అంచును తాకబోతోంది. కెప్టెన్ మగ్గు ఎత్తాడు.

"ఇంకొక్కసారి వస్తే నీళ్లు పోసేస్తానక్కా. ఏమనుకోవద్దు."

ఏమనుకుంటాను, పడవ అతని బాధ్యత. కానీ వెలిగించిన దీపం మీద నీళ్లు పోయడం నేను చూడలేను. మళ్లీ కళ్లు మూసుకున్నాను. స్వామీ, ఇందాక వద్దన్న గాలే, కొంచెం పంపించు. మరీ ఎక్కువ వద్దు, వత్తులు ఆరిపోతాయి. ఇలా కొలతలు చెప్పి మరీ అడిగినా విసుక్కోని వాడు ఆయనొక్కడే.

చెంపకు చల్లగా తగిలింది. పైన తెరచాప కదిలింది. దీపం కదల్లేదు, పడవే మెల్లగా ముందుకు జరిగింది. మధ్యలో నీళ్లు జానెడు, బారెడు, ఆ తర్వాత కొలవలేనంత. దీపం మాత్రం వెన్నెల్లో అక్కడే నిలబడి వెలుగుతోంది. కెప్టెన్ మగ్గు నీళ్లు సముద్రంలో పారబోసి, నా చేతిలో ఖర్జూరాలు పెట్టాడు. వాటితోనే ఉపవాసం విడిచాను.

తెరచాప నిండుగా పొంగింది. మా ఆయన మాత్రం ఫోన్ వెనక్కే పట్టుకున్నారు. ఆ వీడియోలో పడవ లేదు, తెరచాప లేదు. చిన్నదైపోతున్న వెలుగు చుక్క ఉంది, కెప్టెన్ గొంతు ఉంది.

"ఉండు తల్లీ. మేమే పోతాం."