రెప్పల మీద చిన్నాయన వేళ్లు

మా చిన్నాయన పోయి మూడు నెలలైంది. మరణ ధ్రువీకరణ పత్రం కోసం పోయిన వారం నంద్యాలలో ఆఫీసుకు వెళితే, సంతకం పెట్టే ఆయన భోజనానికి వెళ్లాడు, గంట ఆగమన్నారు. ఎండకు తట్టుకోలేక ఎదురుగా ఉన్న కాలేజీ వరండాలో కూర్చున్నాను. అక్కడ ఆ రోజు దివ్యాంగులకు ఉద్యోగ మేళా జరుగుతోంది. ఒకబ్బాయి ఫోన్ చెవికి ఆనించుకుని, అది చదివి చెబుతున్న నోటీసును వింటూ తలాడిస్తున్నాడు. నా పక్కన చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి ఒళ్లో అట్ట పెట్టుకుని దరఖాస్తు నింపుతోంది. "అవ్వా, పెన్నుంటే ఇస్తావా, ఇది రాయడంల్యా" అని నన్నడిగింది. ఇచ్చాను.

పేరు, ఊరు, చదువు అయ్యాక వచ్చిన ప్రశ్న దగ్గర ఆ అమ్మాయి ఆగలేదు కానీ నేను ఆగిపోయాను. పనిచేసే చోట మీకు ఏ ఏర్పాట్లు కావాలి అని అచ్చువేసి, కింద మూడు గీతలు వదిలారు. ర్యాంపు, వెడల్పు తలుపున్న బాత్రూము, ఎత్తు తక్కువ టేబులు అని ఆమె గబగబా రాసేసింది. "ఏసీ గూడా రాయవే, ఇస్తే ఇస్తారు" అని వెనక నిలబడిన స్నేహితురాలు ఎగతాళి చేస్తే, "నీ మొగం, ముందు పని ఇయ్యనీ" అని నవ్వింది. నేను గ్రంథాలయంలో ముప్పై ఏళ్లు పనిచేశాను, అచ్చులో కనిపించిన ప్రతిదానికీ కదిలిపోయే మనిషిని కాను. కానీ ఆ ఒక్క ప్రశ్న ముందు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా చిన్నాయన దానికి జవాబును, ఎవరూ అడగకుండానే, ఆళ్లగడ్డలో మా నాయన షెడ్డు ముందు నిలబడి చెప్పాడు.

మీలో ఆ కాలంలో ఆళ్లగడ్డ మీదుగా బస్సులో పోయినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన నల్లరాతి విగ్రహాలు, బస్సు ఆగినంతసేపూ వినిపించే ఉలి చప్పుడు. ఆ షెడ్లలో ఒకటి మా నాయనది. ఆయన, ఆయన తమ్ముడు, ఇంకో నలుగురు పనివాళ్లు. చిన్నాయనకు ముప్పై రెండేళ్లప్పుడు రాతిముక్క ఎగిరి కుడికంట్లో పడింది. కళ్లకు అద్దాలు పెట్టుకుని రాయి కొట్టవచ్చునని అప్పట్లో మాకెవరికీ తెలియదు. కర్నూలు ఆసుపత్రికి నాలుగుసార్లు తిరిగాం. ఆ కన్ను పోయింది, దాని జబ్బు పాకి ఏడాది తిరిగేలోగా రెండోది కూడా పోయింది. అప్పటికి ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు. నేను ఆళ్లగడ్డ గ్రంథాలయంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి.

రెండేళ్లు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మా నాయన తమ్ముడి ఇంటికి బియ్యం పంపేవాడు, పిల్లల ఫీజులు కట్టేవాడు, అంతటితో తన బాధ్యత తీరుతుందనే అనుకున్నాడు. ఒకరోజు పొద్దున చిన్నమ్మ చేయి పట్టుకుని చిన్నాయన షెడ్డుకు వచ్చి, పనికి వస్తానన్నాడు.

"మెత్తగా కూచోని తినొచ్చు కదరా" అన్నాడు నాయన.

"ఎన్ని దినాలు తింటా అన్నా? నా చేతులకు ఏమైంది?"

తనకు కావలసినవి చిన్నాయనే ఒక్కొక్కటిగా చెప్పాడు. గేటు నుంచి లోపల పనిచేసే రాతిపలక దాకా నడుమెత్తులో ఒక తాడు కట్టాలి. తాడు కింద ఎవరూ సుత్తె గానీ బకెట్టు గానీ పెట్టకూడదు. తన దగ్గరికి వచ్చినవాళ్లు ముందుగా నోరు తెరిచి ఎవరో చెప్పాలి. తను చెక్కడు, చివరి మెరుగు పెడతాడు. నీళ్లు చల్లి సానరాయితో రుద్దే ఆ పనికి కళ్లకన్నా అరచేయి ముఖ్యమని షెడ్డులో అందరికీ తెలుసు, అయినా ఆ ఆలోచన ఆయన్నుంచి వచ్చిందే తప్ప మాలో ఒక్కరికీ రాలేదు. ఆ సాయంత్రమే నాయన కొబ్బరితాడు తెచ్చి తనే కట్టాడు.

తర్వాత నేను చూసినవాటిని పెద్దచేసి చెప్పడం నాకిష్టం లేదు. ఆయనకు దేవుడిచ్చిన శక్తి ఏదో ఉందని ఊళ్లో అనేవాళ్లు. అది పన్నెండో ఏట నుంచి రాయి పట్టుకున్న చేయి, అంతే. కానీ గ్రంథాలయం మూశాక షెడ్డుకు వెళ్లి నేను చూస్తూ నిలబడిపోయిన సాయంత్రాలు ఇన్నని చెప్పలేను. అందరూ అయిపోయిందన్న విగ్రహం భుజం మీద అరచేయి పెట్టి, మోచేతి దాకా మెల్లగా దింపి, ఒకచోట ఆపి, ఈడ మిట్ట ఉంది అనేవాడు. మాకేమీ కనిపించేది కాదు. నీళ్లు చల్లి, ఎండ ఏటవాలుగా పడేట్టు రాయిని తిప్పితే అప్పుడు సన్నని నీడ ఒకటి కనబడేది, గోరంత వెడల్పు. ప్రతిసారీ కనబడేది. కొన్నాళ్లకు మేము నీళ్లు చల్లి చూడటం మానేశాం. "ఈయప్ప చేతికి దొరికితే నా పెండ్లాం మొగంలో గూడా మిట్టలుండాయంటాడు" అని షెడ్డులో పెద్ద పనివాడు వేళాకోళం చేస్తే, "అవి నువ్వు చేసినవి కాదు కదన్నా, బాగానే ఉంటాయిలే" అని చిన్నాయన రుద్దుతూనే జవాబిచ్చేవాడు.

మేము తప్పు చేసింది పని విషయంలో కాదు. విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారు. రెప్పల వరకు ముందే దించి, కనుపాపలు మాత్రం మిగులుస్తారు. చేయించుకున్నవాళ్లు మంచిరోజు చూసుకుని వచ్చి కొబ్బరికాయ కొడితే, వాళ్ల ఎదుట మా నాయన సన్న ఉలితో కనుపాపలు తీసేవాడు. ఆ రోజు షెడ్డులో అందరి నోటా కళ్ల మాటే. కళ్లు వచ్చినాయి, కళ్లు చూడండి, ఎంత కళగా ఉండాయో చూడండి అంటారు. అవన్నీ చిన్నాయన చెవిన పడితే కష్టపడతాడని నాయన అనుకున్నాడు. వచ్చినవాళ్లు చూపులేని మనిషిని ఆ సమయంలో చూసి ఏమనుకుంటారోనన్న భయం కూడా ఉండేది, పైకి మాత్రం ఎవరూ అనలేదు. అందుకని కళ్లు తెరిచే రోజు ముందర, రేపు పని లేదు, షెడ్డు మూస్తాం అని ఆయనకు చెప్పి పంపేవాళ్లం. ఆ మాట చెప్పి వచ్చేది నేను. "శెలవా? మంచిదేలేమ్మా" అనేవాడు. దయతో చేస్తున్నామనే అనుకున్నాను. ఏడెనిమిదిసార్లు చెప్పి ఉంటాను.

ఒకరోజు చిన్నాయన క్షవరానికి కూర్చున్నప్పుడు, పక్క కుర్చీలో ఉన్న ఉయ్యాలవాడ రైతు ఒకాయన పలకరించాడట. మొన్న మా ఆంజనేయునికి మీ అన్న కండ్లు తెరిచినాడు, శానా బాగా కుదిరినాయి, నువ్వు రాలేదేందప్పా అని. మొన్న అంటే ఏ రోజో చిన్నాయన లెక్కపెట్టుకున్నాడు, తనకు సెలవని చెప్పిన రోజే. మరుసటి పొద్దున ఎప్పటి వేళకే షెడ్డుకు వచ్చి, గేటు దగ్గర తాడు ముడి విప్పి, చుట్ట చుట్టుకుంటూ లోపలికి నడిచి, దాన్ని మా నాయన ముందు పెట్టాడు.

"పండగ శెలవులన్నీ నాకొక్కనికే ఇచ్చినారు. శానా సంతోషం అన్నా."

గోడ పట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత పది రోజులు రాలేదు. మంచం దిగడం లేదని, అన్నం ముందు పెడితే రెండు ముద్దలు తిని చేయి కడుగుతున్నాడని చిన్నమ్మ వచ్చి ఏడ్చింది. ఆ రెండేళ్లు ఎట్లా గడిచాయో ఆమెకే తెలుసు. మళ్లీ ఆ మంచం మీదికే పోతే ఈసారి లేవడని ఆమె భయం. మా అందరి భయమూ అదే, కానీ చేసిందానికి ఏం చెప్పాలో ఎవరికీ తెలియలేదు.

ఆ సమయానికి నంద్యాలలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఒకటి చేయించుకున్న అమ్మవారి విగ్రహం పూర్తికావచ్చింది. వాళ్లు మంచిరోజు పెట్టుకుని కబురు చేశారు. ఒక సాయంత్రం నాయన ఆ తాడును మళ్లీ కట్టి, చేతులు కడుక్కుని, తమ్ముడి ఇంటికి బయలుదేరాడు. వెనకాలే నేనూ వెళ్లాను. నాయన గడప దగ్గరే ఆగాడు.

"నేనురా" అన్నాడు. "ఎల్లుండి అమ్మవారికి కండ్లు తెరుస్తాండాం."

"తెరుచుకోండి."

"రెప్పలు రెండూ సమంగా ఉండాయో లేదో నువ్వు చెప్పాల."

చిన్నాయన లేచి కూర్చున్నాడు. "వచ్చినోళ్ల ముందరా?"

"వాళ్ల ముందరే."

"సావుకార్లు ఏమన్నా అంటే?"

"అంటే అమ్మవారు మనింట్లోనే ఉంటాది."

చివరికి చిన్నాయన అన్నాడు, "ఇంగ ఆ పాపతో అబద్ధాలు చెప్పించొద్దు. ఆయమ్మకు చెప్పను గూడా రాదు, గొంతు వణుకుతాది." నేను వచ్చిన ప్రతిసారీ ఏదో ఉందని ఆయనకు అనిపించిందని, అయినా అన్న పంపిన మాట కనుక నమ్మాడని అప్పుడర్థమైంది. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

కళ్లు తెరిచే రోజు వ్యానులో తొమ్మిదిమంది వచ్చారు. అందరిలోకి పెద్ద ఒక ముసలామె, తెల్లచీర, చేతిలో పూల బుట్ట. కొబ్బరికాయ కొట్టాక నాయన ఉలి తీసుకోకుండా పక్కకు జరిగి, రారా అన్నాడు. చిన్నాయన తాడు పట్టుకుని వచ్చి, చేతులు కడిగి తుడుచుకుని, అమ్మవారి చెంపల మీద అరచేతులు ఆనించి, రెండు బొటనవేళ్లు రెండు రెప్పల మీద పెట్టాడు. వచ్చినవాళ్లలో ఒకాయన ఏదో అనబోతే ముసలామె చేయెత్తి ఆపింది. వేళ్లు కదలడం కూడా కనబడలేదు. ఆయన ముఖం కొంచెం పక్కకు తిరిగి ఉంది, దూరంగా ఎవరో చెబుతున్నది వింటున్నట్టు.

"ఎడమ రెప్ప కింద అంచు రవ్వంత మందంగా ఉండాదన్నా."

నాయన వంగి చూశాడు. సన్న ఉలి తీసి రెండు దెబ్బలు, దెబ్బలని కూడా అనలేం, ఆనించి తీశాడు. సానరాయితో రుద్దాడు. చిన్నాయన మళ్లీ వేళ్లు పెట్టి, సాలు అన్నాడు.

"ఈయప్పకు కండ్లు కనపడవా?" అని ముసలామె అడిగింది.

"కనపడవమ్మా" అన్నాడు నాయన.

ఆమె రెండడుగులు ముందుకు వచ్చి, అడ్డం ఏముందో చూసుకుని, చిన్నాయన దగ్గర నిలబడింది. "నాయనా, అమ్మవారి మొగం ఎట్లుండాదో నువ్వు చెప్పు."

చిన్నాయన కొంచెం ఆలోచించాడు. "బాగా నిద్రపోయి లేసిన మనిషి మాదిరి ఉండాదమ్మా."

ఆమె అమ్మవారి వైపు చూసి, అవునప్పా అంది. తర్వాత నాయన కనుపాపలు తీశాడు. అందరూ కళ్లు కళ్లు అంటూనే ఉన్నారు, చిన్నాయన వాళ్ల మధ్యలోనే నిలబడి నవ్వుతున్నాడు. ఇన్నాళ్లూ ఆయనకు దూరంగా ఉంచామనుకున్న మాటలు అవే.

వ్యాను వెళ్లాక నాయనను అడిగాను, ఎడమ రెప్ప మందంగా ఉన్నట్టు నీకు కనబడిందా అని. తమ్ముడి మనసు కోసం ఉలి ఆనించాడేమోనని నా అనుమానం. నాయన పనిముట్లు సర్దుకుంటూ నావైపు చూడకుండా అన్నాడు.

"నాకేం కనపడలేదు. వాడు ఉందన్యాడు, తీసినా."

నేను చాలా పుస్తకాలు చదివాను. కళ్లు తెరిచే వేళ, తయారైన ముఖం మీద, తనకు కనబడని మందాన్ని తమ్ముడి మాట మీద ఉలితో తీసిన మనిషి నాకు వాటిలో ఎక్కడా తారసపడలేదు. ఒక్క దెబ్బ ఎక్కువైతే ఏడు నెలల పని పోయేది.

ఆ తర్వాత దొంగ సెలవులు లేవు. చిన్నాయన ఇరవై ఆరేళ్లు పనిచేసి, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. నాయన పోయాక షెడ్డు చేతులు మారింది, రాయి చెక్కే మిషను వచ్చింది. "దీంట్లో తేడా రాదు చిన్నన్నా, నువ్వెందుకు కష్టపడేది" అని కొత్త యజమాని మర్యాదగానే టీ ఇచ్చి పంపాడు. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు. మాట్లాడే ఫోను, పెన్షను, బస్సులో రాయితీ, ఉద్యోగాల్లో వాటా, చట్టాలు అన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా మా ఇంటి దాకా వచ్చాయి. అవి రావలసినవే. ఆ రోజుల్లో షెడ్డున్న అన్న లేని గుడ్డివాళ్లు మా ఊళ్లోనే ఎంతమంది అరుగుల మీద ముసలివాళ్లయ్యారో నాకు తెలుసు కనుక, పాతకాలమే మేలని నేను అనను. ఏమీ లేని రోజుల్లో ఆయనకు పని ఉంది, అన్నీ వచ్చేసరికి ఆ పని లేదు, అంతవరకే చెప్పగలను.

చివరి సంవత్సరాల్లో ఆయనను నంద్యాలలో నా దగ్గరే ఉంచుకున్నాను. ప్రభుత్వం కార్డు వచ్చిన రోజు దాన్ని బొటనవేలితో అటూ ఇటూ రుద్ది, "నున్నగా చేసినారే, ఏం రాసినారమ్మా" అని అడిగాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, చూపు ఎంత లేదో ఆ శాతం చదివాను.

"పని ఏందో రాయలేదా?"

లేదు చిన్నాయనా అన్నాను.

"అడిగింటే చెప్పింటా కదా" అని కార్డు నాకిచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆ కార్డు నా దగ్గరే ఉంది. ఫోటో బాగానే వచ్చింది, భుజాల దాకా తీశారు. చేతులు అందులో పడలేదు.